గ్రీక్ మసాలా సీసా కొన్నాను, జాజీకి ఉప్పు నీళ్లయింది. ఏది కొనాలి, ఎలా వాడాలి?

కిప్సెలి కోడలు:

అందరికీ నమస్కారం. మేం ఏథెన్స్ వచ్చి ఏడు నెలలైంది. కిప్సెలిలో ఉంటున్నాం. మా పై అంతస్తులోనే ఇంటావిడ ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి. నేను కిరియా అంటాను, ఇక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు. నెలకి రెండుసార్లయినా ఏదో ఒకటి వండి గిన్నెతో తెచ్చిస్తుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వాలంటే నాకు మనసొప్పదు.

పోయిన వారం వాళ్ల వంటే చేసి ఇద్దామని జాజీకి మొదలుపెట్టాను (జాజికాయతో దీనికి సంబంధం లేదు, పెరుగులో కీరదోసకాయ కలిపేది). ఒకసారి ఎయిర్‌పోర్టులో ఒక సీసా కొన్నాను. దాని మీద శాంటొరిని దీవి నీలి గుమ్మటాల బొమ్మ, "గ్రీక్ స్టైల్ హెర్బ్స్ అండ్ స్పైసెస్" అని రాసుంది. గ్రీక్ వంటకి గ్రీక్ మసాలా, ఇంకేం కావాలి అనుకుని పెరుగులో రెండు చెంచాలు వేసేశాను. అరగంటయ్యాక చూస్తే పైన వేలెడు నీళ్లు, అడుగున పెరుగు. నోట్లో పెడితే ఉప్పు కషాయం. అప్పటికే బ్రెడ్‌తో పాటు పైకి పంపేశాను! సాయంత్రం కిరియా మెట్ల దగ్గర కనిపిస్తే ఎలా ఉందని అడిగాను. కాసేపు ఆలోచించి, "బ్రెడ్ చాలా బాగుంది" అంది.

మిగిలిన మసాలా చికెన్‌కి పట్టించి ఓవెన్‌లో పెడితే పైనంతా నల్లబడి చేదెక్కింది.

వచ్చే ఆదివారం వాళ్లనే భోజనానికి పిలిచాను. చికెన్, ఓవెన్‌లో బంగాళాదుంపలు, సలాడ్. టెన్షన్‌గా ఉంది. తప్పు సీసాదా, నాదా? మంచిది ఏదో ఎలా గుర్తుపట్టాలి? ఏ వంటకి ఎంత వేయాలి?

ఆకలిగాడు:

సీసా వెనక ఏముందో చదివారా? మొదటి మాట ఏది?

కిప్సెలి కోడలు:

ఇప్పుడే చదివాను. ఉప్పు, ఉల్లి పొడి, చక్కెర, వెల్లుల్లి పొడి, ఒరెగానో, పాప్రికా, ఈ621 (అజినొమోటో), మిరియాలు, పార్స్‌లీ. ఒరెగానో ఐదో చోట ఉంది. ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

గరిటె మేస్త్రి:

సిగ్గెందుకమ్మా, బొమ్మ చూసి కొననివాళ్లు ఎవరు? నేను థెస్సలొనీకిలో ఒక టవెర్నా (ఇక్కడి చిన్న భోజన హోటల్) వంటింట్లో నాలుగేళ్లు పనిచేశాను. మొదటి ఏడాదంతా కడగడం, తరగడమే. తెలిసినంతవరకు చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు మీ సీసా సంగతి. యూరప్‌లో ఏ పదార్థం బరువు ఎక్కువ ఉంటే అది ముందు రాయాలని నియమం. అంటే మీ సీసాలో అన్నిటికన్నా ఎక్కువున్నది ఉప్పు. మీరు కొన్నది రంగు వేసిన ఉప్పు. అది పెరుగులో పడితే కీరా ముక్కల్లోంచి నీళ్లు లాగేస్తుంది, వేలెడు నీళ్లు అక్కడివే. ఇక చక్కెర, వెల్లుల్లి పొడి రెండూ వేడికి త్వరగా మాడతాయి. చికెన్ చేదెక్కింది అందుకే. తప్పు మీది పావు వంతు, సీసాది ముప్పావు.

అసలు మాట ఏంటంటే, మా వంటింట్లో "గ్రీక్ మసాలా" అన్న డబ్బా లేదు. రీగని ఉండేది. ఒరెగానోని ఇక్కడ అలా అంటారు. ఎండిన కట్టలు గోడకి వేలాడేవి. ఏ కూరకి ఏది కావాలో దాన్ని బట్టి పక్కన ఇంకోటి చేరేది. సూపర్ మార్కెట్లో సువ్లాకికి (పుల్లకి గుచ్చి కాల్చే మాంసం), గీరోకి (నిలువు కడ్డీ మీద కాల్చి కోసే మాంసం), జాజీకికి వేరువేరు పొట్లాలు దొరుకుతాయి. అవి కూడా ఒకటి ఇంకోదానికి పనికిరావు. అన్నిటికీ ఒకే సీసా అన్నారంటే అనుమానించండి.

జాజీకిలో రీగని వేయరు. మీకు ఎవరూ చెప్పి ఉండరు. కీరా తురిమి, చిటికెడు ఉప్పు వేసి పావుగంట ఉంచి, గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. ఇక నీరు రాదు అన్నంతవరకు పిండాలి. నీళ్లు వడగట్టిన చిక్కటి పెరుగు, పచ్చి వెల్లుల్లి, ఆలివ్ నూనె, కాస్త వెనిగర్, సోయకూర (డిల్ ఆకు). కొందరు సోయకూర బదులు పుదీనా వేస్తారు. అంతే.

ఇక రీగని ఎలా కొనాలి. ఇది మరువానికి దగ్గరి చుట్టమే, ఒకటే జాతి. కాకపోతే మరువం తియ్యగా, మెత్తగా ఉంటుంది, ఇది ఘాటు. ఆ ఘాటు కార్వక్రాల్ అనే నూనెది. వాములో ఉండే థైమాల్ కూడా దీనిలో కొంత ఉంటుంది, అందుకే వాసన ఎక్కడో తెలిసినట్టే అనిపిస్తుంది. మెక్సికన్ ఒరెగానో అని రాసుంటే మాత్రం అది వేరే కుటుంబం మొక్క, పేరొక్కటే కలిసింది. గ్రీక్ వంటకి వద్దు.

సీసాలో పొడి కాకుండా కట్ట కొనండి. ఎందుకంటే 2021లో యూరోపియన్ కమిషన్ మసాలా దినుసుల కల్తీ మీద ఒక పరిశీలన బయటపెట్టింది. అన్నిటికన్నా అనుమానం ఎక్కువ వచ్చింది ఒరెగానో మీదే, చూసిన నమూనాల్లో 48 శాతం. ఎక్కువగా కలిపేది ఏంటో తెలుసా? ఆలివ్ ఆకు. ఆలివ్ చెట్ల మధ్య కూర్చుని ఆలివ్ ఆకు తినడం! నలిపిన పొడిలో ఏది ఏదో కంటికి తెలియదు. కట్టలో అయితే కాడ, ఆకు, పైన పూమొగ్గలు అన్నీ కనబడతాయి. ఆ మొగ్గల్లోనే వాసన ఎక్కువ, పూత మీద ఉన్నప్పుడు కోసి ఎండబెడతారు కాబట్టి. కొనేముందు ఒక రెమ్మ అరచేతిలో నలిపి చూడండి. వాసన ముక్కులోకి దూసుకుపోవాలి. ఒక ఆకు నాలుక మీద పెట్టుకుంటే చుర్రుమని కాస్త తిమ్మిరెక్కాలి. ఎండుగడ్డి వాసన వస్తే పాతది.

మీరు ఏథెన్స్‌లోనే ఉన్నారు కాబట్టి ఎవ్రిపీదు వీధికి వెళ్లండి. వర్వాకియోస్ మార్కెట్ దగ్గరే. ఆ వీధిలో మసాలా కొట్లు వరసగా ఉంటాయి. అంత దూరం వద్దనుకుంటే మీ పేటలో వారానికోసారి జరిగే లాయికి సంత చాలు.

ఇంట్లో కలుపుకోవడానికి నా లెక్క ఇది. నలిపిన రీగని మూడు చెంచాలు, తిమారి (థైమ్) ఒకటి, మిరియాల పొడి అర, ఎండిన నిమ్మతొక్క పొడి అర. ఉప్పు వద్దు. వెల్లుల్లి వద్దు, అది పచ్చిదే వంటలో వేసుకోవచ్చు. ఉప్పు లేకపోతేనే చేతిలో పట్టు ఉంటుంది. ఫెటా చీజ్ ఉప్పునీళ్లలో ఊరుతుంది, ఆలివ్ కాయలూ అంతే. మసాలాలో కూడా ఉప్పుంటే సలాడ్ ఇక మీ మాట వినదు.

ఆదివారం చికెన్: కిలోకి ఈ పొడి మూడు టీ చెంచాలు, ఆలివ్ నూనె అర కప్పు కన్నా కాస్త తక్కువ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు విడిగా. రెండు మూడు గంటలు నానితే చాలు. నిమ్మరసం రాత్రంతా పెట్టకండి, మాంసం పైపైన పిండిలా అవుతుంది. చివరి అరగంటలో కలపండి. బంగాళాదుంపలు ఉంటే అదే పళ్లెంలో వేయండి, నిమ్మరసం, నూనె, ఒక కప్పు నీళ్లు పోసి 200 డిగ్రీల దగ్గర గంటకి పైనే ఉంచాలి. ఆ పులుసు దుంపల్లోకి ఇంకిపోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. రీగనిలో సగమే ముందు వేయండి. మిగతా సగం పొయ్యి దించాక, వేడి మీద, చేత్తో నలుపుతూ చల్లండి. సువ్లాకి కొట్టులో చూడండి, కాల్చడం అయ్యాకే చల్లుతారు. ముందు వేసింది లోపలి రుచికి, తర్వాత వేసింది ముక్కుకి.

సలాడ్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. టమాటా, కీరా, ఉల్లిపాయ, ఆలివ్‌లు, పైన ఫెటా ముక్క మొత్తంగా. రీగని ఫెటా మీద. లెట్యూస్ వేయకండి, కిరియా మళ్లీ బ్రెడ్‌నే మెచ్చుకుంటుంది.

దాల్చినచెక్క, లవంగం, జాజికాయ గ్రీక్ వంటలో లేవా అంటే ఉన్నాయి. ముసకా (వంకాయ, ఖీమా పొరలది), స్టిఫాదో (చిన్న ఉల్లిపాయలతో మాంసం పులుసు) లాంటి వాటిలో. కానీ అవి వేరే గది. రీగని నిమ్మకాయ ఉన్న గదిలోకి వాటిని తీసుకురాకండి. కొన్ని "గ్రీక్ స్టైల్" సీసాల్లో రెండు గదులూ కలిపేసి అమ్ముతారు, వాటి జోలికి అసలు పోవద్దు.

స్మిర్ని పక్కింటావిడ:

మేస్త్రి గారూ, అన్నీ బాగా చెప్పారు కానీ గదుల లెక్క నేనొప్పుకోను. జీలకర్ర మాటే ఎత్తలేదు మీరు. మేం నేయా స్మిర్నిలో ఉంటాం. ఈ పేట పుట్టిందే 1922 తర్వాత స్మిర్నా (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ల కోసం. వాళ్లతో వచ్చిన వంటే సుజుకాక్య, పొడుగు ఖీమా ఉండలు, టమాటా పులుసులో. అందులో జీలకర్ర లేకపోతే అది సుజుకాక్యే కాదు. పక్కింటి అవ్వ జీలకర్ర, వెల్లుల్లి దంచుతుంటే మా వంటింటి కిటికీ దాకా వాసన వస్తుంది. ఆ వాసనకే నేను ఆవిడ తలుపు తట్టి స్నేహం చేసుకున్నాను. ఆవిడ అదే చేత్తో దాల్చినచెక్క కూడా చిటికెడు వేస్తుంది.

అమ్మాయీ, నువ్వు మాత్రం ఆదివారానికి ఆయన చెప్పినట్టే చెయ్యి. మొదటిసారే ప్రయోగాలొద్దు.

గరిటె మేస్త్రి:

ఒప్పుకుంటున్నానండీ. మా టవెర్నాలో సుజుకాక్య గురువారం ఉండేది, ఆ రోజు నాకు సెలవు. అదీ అసలు కారణం.

ఆకలిగాడు:

అందరూ కట్ట కొను, నలుపు, చల్లు అంటున్నారు. పొద్దున ఏడింటికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చేవాడిని నేను. నాకు గీరో పొట్లమే దిక్కు. అందులో ఒరెగానో ముందుంటే, ఉప్పు వెనకుంటే కొంటాను. లేబుల్ గ్రీకులోనే ఉంటే "సిస్తాతికా" అన్న మాట తర్వాత చూడండి, పదార్థాల వరస అదే. ఉప్పుని "అలాతి" అంటారు. ఆల్ఫా, లామ్దా, ఆల్ఫా, తాఫ్, యోటా. ఈ అయిదు అక్షరాలు నేర్చుకుంటే కొట్లో సగం సీసాలు అక్కడే పెట్టేసి రావచ్చు.

మీ శాంటొరిని సీసా పారేయకండి. వేయించిన బంగాళాదుంపల మీద చల్లుకోండి, వేరే ఉప్పు వేయకుండా. దానికి అదొక్కటే పని. పాప్‌కార్న్ మీద కూడా బాగుంటుంది, ఈ మాట మేస్త్రి గారికి చెప్పకండి.

కిప్సెలి కోడలు:

ఆదివారం అయిపోయింది, ఇప్పుడే గిన్నెలు కడిగి వచ్చాను. శనివారం ఎవ్రిపీదు వీధికి వెళ్లాం. మొదటి కొట్లో కట్ట నలిపితే ఎండుగడ్డి. మూడో కొట్లో నలపగానే నాకు తుమ్మొచ్చింది, మా ఆయన "ఇదే" అన్నాడు. కొట్టాయన నవ్వి, ఇంకో రెమ్మ విరిచి ఊరికే ఇచ్చాడు.

జాజీకి మళ్లీ చేశాను. కీరా పిండీ పిండీ మణికట్టు నొప్పెట్టింది, గిన్నెలో గ్లాసు నీళ్లు దిగాయి. ఆ నీళ్లన్నీ పోయినసారి కిరియా తాగిందన్నమాట.

చికెన్ మాడలేదు. దుంపలు అడుగున కాస్త అంటుకున్నాయి, ఆ అంటుకున్నవే ముందు అయిపోయాయి. దించాక రీగని నలుపుతుంటే కిరియా కుర్చీలోంచి లేచి వచ్చి నా చేతిలోంచి రెమ్మ లాక్కుని వాసన చూసింది. ఎక్కడ కొన్నావంది. చెప్పాను. "వచ్చే జులైలో మా ఊరి నుంచి కొత్తది తెప్పిస్తాను, ఇది అప్పటిదాకా వాడుకో" అంది. పొగిడిందో, వంక పెట్టిందో ఇంకా తేలలేదు. బ్రెడ్ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఒక చిన్న అనుమానం అన్నా. ఆకులన్నీ నలిపాక కాడలు చాలా మిగిలాయి, పారేయాలా? ఇంకా సగం కట్ట ఉంది, అదెలా దాచాలి?

గరిటె మేస్త్రి:

కట్టని తలకిందులుగా కాగితం సంచిలో పెట్టి, పొయ్యికి, కిటికీ ఎండకి దూరంగా వేలాడదీయి. ముందే అంతా నలిపి పెట్టుకోకు, ఏ పూటకాపూట రెమ్మ విరుచుకో. కాడలు పారేయొద్దు. బొగ్గుల మీద మాంసం కాల్చే రోజు నిప్పుల్లో వేస్తే ఆ పొగ ముక్కకి పడుతుంది. బొగ్గుల పొయ్యి లేకపోతే కిరియాకి ఇవ్వు, ఆవిడకి తెలుసు.