అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్ర (ఐపీఈ) జర్నల్ ‘భారత్‌కే పరిమితం’ అని పేపర్ తిప్పి పంపితే ఏం మార్చాలి?

ప్రశ్న (పీహెచ్‌డీ, బెంగళూరు)
నమస్కారం. భారత్ 2016 నుంచి ద్వైపాక్షిక పెట్టుబడి ఒప్పందాలను (ఒక దేశం పెట్టుబడిదారులకు రెండో దేశంలో రక్షణ ఇచ్చేవి) ఎందుకు రద్దు చేసుకుంటూ వచ్చిందన్నది నా పేపర్. అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్ర జర్నల్ ఒకటి రివ్యూకి పంపకుండానే ‘భారత్‌కే పరిమితం’ అని తిప్పి పంపింది. కొత్త గొంతులు కావాలని ఈ జర్నళ్లే అంటున్నాయి కదా? ఎక్కడ మార్చాలి? మాది ప్రైవేటు యూనివర్సిటీ, ఓపెన్ యాక్సెస్ (వ్యాసాన్ని అందరూ ఉచితంగా చదివేలా పెట్టడం) ఫీజు కట్టలేను.

జవాబు 1 (అడయారు, చెన్నై)
మార్పు వచ్చిందండీ, కానీ సగమే. 2021లో రివ్యూ ఆఫ్ ఇంటర్నేషనల్ పొలిటికల్ ఎకానమీ, న్యూ పొలిటికల్ ఎకానమీ కలిసి ఈ రంగం చూడని విషయాల మీద ప్రత్యేక సంచికలు తెచ్చాయి. వలసవాదం, జాతి, జెండర్, వాతావరణం లోపలికొచ్చాయి. అలవాటు మాత్రం పోలేదు: అమెరికా మీద రాస్తే సిద్ధాంతం, భారత్ మీద రాస్తే ఉదాహరణ. ఇది అన్యాయమే. దాన్ని మొదటి పేజీలోనే ఎదుర్కోవాలి.

‘1991 సంస్కరణల తర్వాత...’ అని మొదలుపెట్టకండి. చిక్కుముడితో మొదలుపెట్టండి. ముప్పు తెలియకుండా సంతకాలు చేసిన దేశాలు, తమ మీద కేసు పడ్డాక నేర్చుకుంటాయని ఒక వివరణ ఉంది. ఆస్ట్రేలియా కంపెనీ వైట్ ఇండస్ట్రీస్ ఇలాంటి ఒప్పందం కింద వేసిన కేసును భారత్ ఓడింది 2011లో, ఇకపై ఒప్పందాలకు ఆధారంగా కొత్త నమూనా ఒప్పందం వచ్చింది 2015 డిసెంబరులో. మధ్యలో నాలుగేళ్లు ఏం జరిగింది? పైగా ఆ కేసు ఓడిందే మన కోర్టుల జాప్యం వల్ల. అయినా కొత్త నమూనా పెట్టుబడిదారుణ్ణి ముందు ఐదేళ్లు స్థానిక కోర్టులకే వెళ్లమంది. 2024లో యూఏఈ ఒప్పందంలో అది మూడేళ్లకు తగ్గింది. ‘పాఠం నేర్చుకోవడం’ అన్న మాట ఇక్కడ సరిపోదు. మీ వాదన అదే. తాము కూడా ఒప్పందాలు రద్దు చేసుకున్న దక్షిణాఫ్రికా, ఇండొనేషియాలతో ఒక చిన్న విభాగంలో పోల్చండి, చాలు.

జవాబు 2 (నాగరభావి, బెంగళూరు)
పైన చెప్పినది సరే గానీ, సిద్ధాంతం కోసం మంత్రిత్వ శాఖల ఆధారాలను కత్తిరించకండి. మీ బలం అదే. విధానపరమైన భాగాన్ని విడిగా ఈపీడబ్ల్యూకి (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) రాయొచ్చు, ఒకే పేపర్‌ను మాత్రం ఒకేసారి రెండుచోట్లకి పంపకూడదు.

రిఫరెన్సులు కూడా చూసుకోండి. మహిళలు రాసిన వ్యాసాలను తక్కువగా ఉదహరిస్తున్నారని, వాళ్లు తమ పనిని తామే ఉదహరించుకోవడమూ తక్కువేనని 2013లో ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. భారతీయ పరిశోధకుల పనిని ఫుట్‌నోట్‌లో దాచకుండా వాదనలోకి తీసుకోండి. ‘నా గత వ్యాసంలో’ అన్న మాటలు, ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరు తీసేయండి. అవి ఉంటే అజ్ఞాత సమీక్ష కోసం సవరించమని వెనక్కి పంపిస్తారు.

జవాబు 3
డబ్బు గురించి: జవాబు 1లో చెప్పిన రెండు జర్నళ్లూ హైబ్రిడ్, అంటే చందా, ఓపెన్ యాక్సెస్ మార్గాలు రెండూ ఉంటాయి. అంగీకారం వచ్చాక కాంట్రాక్టు ఫారంలో చందా మార్గం ఎంచుకుంటే ప్రచురణ ఫీజు ఉండదు. తొందరలో ఓపెన్ యాక్సెస్ నొక్కితే బిల్లు వస్తుంది, చూసి నొక్కండి. సమర్పించే ముందటి ప్రతిని ప్రీప్రింట్‌గా పెట్టుకోవచ్చు.

2025 జనవరిలో మొదలైన, జర్నళ్లకు కేంద్రమే చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రస్తుతానికి ప్రభుత్వ సంస్థలకే, కాబట్టి మీకు పాత సంచికలు అందకపోవచ్చు. రచయితకే మెయిల్ రాసి పీడీఎఫ్ అడగండి, చాలామంది పంపుతారు. నమ్మదగిన జర్నళ్లను చూపే యూజీసీ కేర్ జాబితా కూడా ఇప్పుడు లేదు. అసలు జర్నళ్ల పేరుతో నకిలీ సైట్లు తిరుగుతున్నాయి కాబట్టి, సమర్పించే లింకును ప్రచురణకర్త సొంత సైట్ నుంచే తెరవండి, ఐఎస్‌ఎస్‌ఎన్‌ను (జర్నల్ గుర్తింపు సంఖ్య) స్కోపస్ అనే జర్నళ్ల డేటాబేస్ జాబితాలో సరిచూడండి.