సమస్యాపూరణం: రెండు కత్తు లొక యొరలో నుండఁ గలవు

ఈసారి సమస్య తేటగీతి పద్యం చివరి పాదం; పై మూడు పాదాలూ మీరు రాయాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత కదా, ఒకే హార్డ్ డిస్కులో విండోస్, లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ పెట్టుకునే పద్ధతికి అన్వయిస్తూ పూరించండి. పాదం మొదటి అక్షరం నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరంతో కలవడం యతి; ఈ పాదంలో ఉన్నది రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి: రెండు – నుండ.

పూరణ 1

డిస్కు నొక్కింత కుదియించి దిద్దుకొనుచు
పాత విండోసు పక్కనే పంచి యిచ్చి
గ్రబ్బు గుమ్మాన నిలిచి యే గదికి ననఁగ
రెండు కత్తు లొక యొరలో నుండఁ గలవు

– మూడో పాదం చదివి ఆగిపోయానండీ. మెషీన్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు చూపించి కొన్ని సెకన్లు ఎదురుచూసే గ్రబ్ (ఏ సిస్టమ్‌ను లేపాలో అడిగే ప్రోగ్రామ్) అచ్చంగా కళ్లముందు నిలిచింది. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. డ, ద వేర్వేరు వర్గాలు. ‘తిన్నగా డిస్కు కుదియించి తీర్చి దిద్ది’ అంటే సరిపోతుంది. లినక్స్ పేరు ఎక్కడా రాలేదేం?

– సవరణకు ధన్యవాదాలండీ. పేరు పెట్టాలనే చూశాను. ‘లినక్సు’ జగణం (లఘువు, గురువు, లఘువు), అదొక్కటే తేటగీతిలో ఏ గణంగానూ పట్టలేదు.

– రెండు గణాల మీదికి విరిస్తే సరి. కింది పూరణలో ‘మఱి లి – నక్సు’ చూడండి.

పూరణ 2

మూసి నట్లుండు విండోసు ముసుగు నిద్ర
మాన్పి, దత్తాంశ నకలుంచి, మఱి లినక్సు
చేరఁ దగినంత గది వేఱు చేసిరేని
రెండు కత్తు లొక యొరలో నుండఁ గలవు

– ‘ముసుగు నిద్ర’ ఈ వారం మాట! విండోస్ త్వరగా లేచేందుకు ఉన్న ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) స్థితిని హైబర్‌నేషన్ ఫైల్‌లో రాసుకుని పడుకుంటుంది. ఆ సమయంలో లినక్స్ నుంచి విండోస్ ఉన్న భాగంలో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవొచ్చు. అందుకే లినక్స్ చాలాసార్లు దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉన్నవారు రికవరీ కీ ముందే వేరేచోట దాచుకోవాలి. కుదింపు కూడా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయడం మేలు. పద్యంలో దోషం కనబడలేదు.

పూరణ 3

నాల్గు గదులకు మించని నాటి లెక్క
వదలి, నూటికిఁ బైఁబడు వాటమైన
జీపిటీ తోడ డిస్కునుఁ జీల్చినపుడు
రెండు కత్తు లొక యొరలో నుండఁ గలవు

– లెక్క సరైనదే. డిస్కు భాగాల పట్టిక రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్‌లో 512 బైట్ల మొదటి సెక్టార్‌లో పట్టికకు దక్కేది 64 బైట్లు, ఒక్కో భాగానికి 16, కాబట్టి నాలుగే ప్రైమరీ (ప్రధాన) భాగాలు. తర్వాతి పద్ధతి జీపీటీలో మామూలుగా 128. అయితే ‘చీల్చు’ అంటే డిస్కును పగలగొట్టినట్టుంది. ‘డిస్కును సిద్ధపఱుప’ అనండి, జీ–సి యతి నిలుస్తుంది.

ఒక భాగం మీద మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు. నేను మొదటిసారి పార్టిషన్లు చేసినప్పుడు 100 ఎంబీల, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న ముక్క కనబడితే, ఎందుకూ పనికిరానిదనుకుని తీసేశాను. అది ఈఎఫ్‌ఐ భాగం, సిస్టమ్‌లను లేపే బూట్‌లోడర్లు ఉండేది అక్కడే. రీస్టార్ట్ చేస్తే విండోస్ లేవలేదు, ఆ రాత్రంతా టెన్షన్. ఆ చిన్న గదిని పద్యంలోకి తెచ్చేవారి కోసం పూరణలు ఇంకా తీసుకుంటున్నాను.