టెక్సాస్‌లో ప్రెగ్నెన్సీ: ఇక్కడి అబార్షన్ చట్టం గురించి టెన్షన్‌గా ఉంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. హెచ్-4 వీసా (భర్త ఉద్యోగ వీసా మీద భార్యకి ఇచ్చేది) మీద ఈ మధ్యే గుంటూరు నుంచి డాలస్ వచ్చాను. ఇప్పుడు రెండో నెల. పోయినసారి గర్భం నిలవలేదు. మళ్లీ అలా అయితే ఇక్కడ డాక్టర్లు ముట్టుకోరని అంటున్నారు. నిజమేనా?

జవాబు:
చెల్లెమ్మా, గర్భం దానంతటదే పోతే వైద్యం చేయకూడదని టెక్సాస్ చట్టంలో లేదు. గుండె ఆగిపోయిన పిండాన్ని తీయడం, ట్యూబులో నిలిచిన గర్భానికి వైద్యం చేయడం ఆ చట్టం ప్రకారం అబార్షన్ కిందకి రావు. రక్తం పోతున్నా, జ్వరం వచ్చినా, పొత్తికడుపులో ఒక పక్క పొడిచినట్టు నొప్పి వచ్చినా అర్ధరాత్రని చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లు. అమ్మకి ఫోన్ చేసి, రేపు చూద్దాంలే అని ఆగొద్దు.

చిక్కంతా పిండం గుండె కొట్టుకుంటూ ఉండగానే తల్లికి ప్రమాదం వస్తే. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, అబార్షన్‌ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. ఆ ఆగస్టు నుంచి ఇక్కడ అబార్షన్ మీద దాదాపు పూర్తి నిషేధం. తల్లి ప్రాణానికో, శరీరంలో ముఖ్యమైన అవయవాల పనితీరుకో ముప్పు ఉంటేనే మినహాయింపు. అత్యాచారం జరిగినా మినహాయింపు లేదు. చట్టం దాటిన డాక్టరుకి యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా. ఆ భయంతో డాక్టర్లు వెనకాడితే ఆడవాళ్ల ప్రాణాల మీదకి వచ్చింది. ఇంత అన్యాయం ఇంకోటి లేదనిపిస్తుంది నాకు. ప్రాణం మీదకి వచ్చేదాకా డాక్టరు ఆగక్కర్లేదని 2025లో ఇంకో చట్టంలో స్పష్టం చేశారు. అయినా మొదటి విజిట్‌లోనే సూటిగా అడుగు: "పద్దెనిమిదో వారంలో ఉమ్మనీరు పోతే ఈ ఆస్పత్రిలో ఏం చేస్తారు?" జవాబు నాన్చితే డాక్టర్‌ని మార్చు.

ఇంకో జవాబు:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇండియాలో బిడ్డకి పెద్ద లోపం ఉంటే 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు అనుమతితో తీస్తారు. టెక్సాస్‌లో లోపం ఉందన్నా ఒప్పుకోరు. అందుకే ఇరవయ్యో వారం స్కాన్ దాకా ఆగకుండా, పదో వారం దాటగానే బిడ్డలో కొన్ని లోపాల్ని ముందే పసిగట్టే రక్తపరీక్ష గురించి అడగండి. వేరే రాష్ట్రాలకి వెళ్లాలంటే, కాన్సస్‌లో 22 వారాల దాకా అబార్షన్ చేస్తారు. న్యూ మెక్సికోలో వారాల పరిమితే లేదు, కానీ అక్కడి ఆల్బుకర్కీ నగరానికి డాలస్ నుంచి కారులో తొమ్మిది పది గంటలు పడుతుంది. వేరే రాష్ట్రంలో చేయించుకున్నందుకు ఆడమనిషికి ఇక్కడ శిక్ష లేదు.

ఊరి నుంచి వచ్చేవాళ్లతో అబార్షన్ మాత్రలు మాత్రం తెప్పించుకోవద్దు. 2025 డిసెంబర్ నుంచి, తెచ్చిచ్చినవాళ్ల మీద ఎవరైనా లక్ష డాలర్లకి దావా వేయొచ్చు. రాష్ట్రం బయట వైద్యానికి మీ ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి.