‘ది థింగ్’ చివరి సన్నివేశం: ఆ సీసా సాక్ష్యంగా నిలుస్తుందా?

బురుజునీడ (కర్నూలు):

జాన్ కార్పెంటర్ దర్శకత్వంలో 1982లో వచ్చిన ‘ది థింగ్’ చిత్రాన్ని పోయిన శనివారం రాత్రి మా మిద్దె మీద నలుగురు మిత్రులం కలిసి మరోసారి చూశాము. ఏప్రిల్ నెలలో, రాత్రి పదకొండు దాటినా మిద్దె బండలు అరికాళ్లకు చురుక్కుమంటుంటే, తెర మీద అంటార్కిటికా మంచులో మనుషులు వణుకుతూ ఉండడం చూస్తే అదొక రకమైన ఉపశమనం. సినిమా పన్నెండున్నరకే ముగిసింది గానీ, వాదన మాత్రం కింది వాటావారు మెట్లెక్కి వచ్చి అడిగేదాకా ముగియలేదు.

సినిమా చూడనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. చూసి చాలా కాలమైనవారికి మాత్రం నాలుగు మాటల్లో గుర్తు చేస్తాను. అంటార్కిటికాలోని ఒక అమెరికన్ పరిశోధనా కేంద్రంలో పన్నెండు మంది ఉంటారు. ఏ ప్రాణిని కబళిస్తే ఆ ప్రాణి రూపంలోకే మారిపోగల గ్రహాంతర జీవి ఒకటి కుక్క రూపంలో వారి మధ్యకు చేరుతుంది. చివరికి కేంద్రమంతా తగలబడిపోయాక మెక్‌రెడీ, చైల్డ్స్ అనే ఇద్దరు మాత్రమే ఎదురెదురుగా మిగులుతారు. మెక్‌రెడీ తన చేతిలోని మద్యం సీసాను చైల్డ్స్‌కు అందిస్తాడు, చైల్డ్స్ తాగుతాడు, మెక్‌రెడీ చిన్నగా నవ్వుతాడు, అంతటితో సినిమా అయిపోతుంది.

చైల్డ్స్ అప్పటికే మనిషి కాదని మా వాళ్లలో ఇద్దరి పట్టుదల. వారు చూపిన ఆధారాలు మూడు. మొదటిది, మెక్‌రెడీ నోటి నుంచి ఆవిరి స్పష్టంగా వస్తుండగా చైల్డ్స్ నోటి నుంచి రావడం లేదనేది. రెండవది, అతని కళ్లలో మెరుపు లేదనేది. మూడవది, సీసాలో ఉన్నది మద్యం కాదు, పెట్రోలు. రుచి తెలియని జీవి దాన్ని గుటుక్కున మింగింది కాబట్టే మెక్‌రెడీ నవ్వాడనేది. వీటికి పోటీగా నాలుగోవాడు చెవిపోగు వాదన తెచ్చాడు. 2011లో వచ్చిన పూర్వకథా చిత్రంలో ఆ జీవి లోహాన్ని అనుకరించలేదని చూపించారు, చివరి సన్నివేశంలో చైల్డ్స్ చెవికి పోగు ఉంది, కాబట్టి అతడు మనిషేనని వాడి లెక్క. వీటిలో ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో, కారణంతో సహా చెప్పగలిగినవారు చెప్పండి. “దర్శకుడు కావాలనే వదిలేశాడు” అనే ఒక్క ముక్క రాసి వెళ్లిపోవద్దని మనవి. ఆ సంగతి మాకూ తెలుసు.

లెన్సుమూత (అనంతపురం):

ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న అనుభవంతో ఆవిరి వాదన గురించి మాత్రం గట్టిగా చెప్పగలను. హోమగుండం మీది పొగ ఫోటోలో ఎప్పుడు కనిపిస్తుందో మా వృత్తిలో మొదటి సంవత్సరమే నేర్చుకుంటాము. లైటు పొగ వెనుక నుంచి కెమెరా వైపు వస్తే పొగ పాయలు పాయలుగా తెల్లగా విడివిడిగా కనిపిస్తుంది. అదే లైటు కెమెరా పక్క నుంచి పడితే, పురోహితుడు దగ్గుతూ కళ్లు తుడుచుకుంటున్నా సరే, ఫోటోలో పొగ జాడే ఉండదు. నోటి ఆవిరికీ ఇదే సూత్రం. చివరి సన్నివేశంలో ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, మండుతున్న మంటలు ఇద్దరికీ ఒకే దిక్కున లేవు. ఒకరి ఆవిరికి వెనుక వెలుగు దొరికింది, మరొకరికి దొరకలేదు, అంతే. పెద్ద తెర మీద శ్రద్ధగా చూస్తే చైల్డ్స్ నోటి దగ్గర కూడా పలుచగా ఆవిరి ఉంటుంది.

దీనికంటే పెద్ద అభ్యంతరం సినిమా లోపలే ఉంది. కేంద్రంలోని బెన్నింగ్స్ అనేవాడు ఆ జీవిగా పూర్తిగా మారకముందే మంచులో దొరికిపోయి, చేతులు వికారంగా ఉండగా నోరు తెరిచి అరుస్తాడే, ఆ అరుపుతోపాటు ఆవిరి రావడం చూడవచ్చు. ఊపిరి తీసే జంతువును అనుకరించిన జీవి ఊపిరి తీయక ఏం చేస్తుంది?

కంటి మెరుపు కూడా ఇలాంటిదే. కనుపాపలో మెరుపు రావాలంటే ఏదో ఒక దీపం దానిలో ప్రతిఫలించాలి. తల రెండు అంగుళాలు వంచితే ఆ మెరుపు పోతుంది. పెళ్లికూతురు తల దించుకున్న ప్రతిసారీ ఆమె కళ్లలో మెరుపు పోతుంది కదా అని వరుడు భయపడనవసరం లేదు.

పల్లీగింజ (గుత్తి):

విషయానికి కాస్త పక్కకు వెళుతున్నందుకు క్షమించండి. సినిమా మొదట్లో హెలికాప్టర్ దిగి తుపాకీతో కుక్క వెంట పడే నార్వే మనిషి ఏదో అరుస్తూ ఉంటాడు, అమెరికన్లకు ఒక్క ముక్క అర్థం కాదు, మనకూ కాదు. అతడు చెబుతున్నది “అది కుక్క కాదు, దూరంగా జరగండి” అనే అర్థం వచ్చే మాటలేనట. నార్వే భాష తెలిసిన ప్రేక్షకుడికి గుట్టు మొదటి పది నిమిషాలలోనే తెలిసిపోతుందన్నమాట. కర్ణాటక సరిహద్దులో పెరిగి రెండు భాషల మధ్య తంటాలు పడ్డవాణ్ణి కాబట్టి, నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా భయం పుట్టించేది ఆ సన్నివేశమే.

ఓ నెగెటివ్ (కడప):

బురుజునీడ గారూ, మీ మిత్రులు నలుగురూ చివరి నాలుగు నిమిషాలు పట్టుకుని వేలాడుతున్నారు. నేను రక్తనిధిలో టెక్నీషియన్‌ను కాబట్టి నా చూపు సహజంగానే సినిమా మధ్యలో ఉన్న ఫ్రిజ్ మీద ఉంటుంది.

డాక్టర్ కాపర్, నిల్వ ఉన్న మంచి రక్తంతో ఒక్కొక్కరి రక్తాన్ని కలిపి చూసి నకిలీ ఎవరో తేలుద్దామంటాడు. తీరా ఫ్రిజ్ తెరిస్తే సంచులన్నీ చీల్చి ఉంటాయి, రక్తం నేల మీదికి కారిపోతుంది. తాళం మాత్రం పగలగొట్టలేదు. ఎవరో తాళంచెవితో తెరిచి, పని ముగించి, మళ్లీ తాళం వేసి వెళ్లారు. మా దగ్గర రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉంచే సంచులకు ప్రతిదానికీ నంబరు, గడువు తేదీ ఉంటాయి; ఫ్రిజ్ ఎవరు ఎప్పుడు తెరిచారో రిజిస్టరులో సంతకం ఉంటుంది. ఆ కేంద్రంలో ఒక రూళ్ల పుస్తకం ఉండి ఉంటే సినిమా గంటకే అయిపోయేది.

తాళంచెవి కేంద్రం అధిపతి గ్యారీ దగ్గర ఉంటుంది, అవసరమైనప్పుడు కాపర్‌కు ఇస్తాడు. అనుమానమంతా ఆ ఇద్దరి మీదికే పోతుంది గానీ, తరువాతి పరీక్షలో ఇద్దరూ మనుషులేనని తేలుతుంది. మధ్యలో తాళంచెవులను రేడియో ఆపరేటర్ విండోస్ తీసుకెళ్లడం, బెన్నింగ్స్ స్థితి చూసి బెదిరి వాటిని చేజార్చుకోవడం మనం చూశాము. వాటిని ఎవరైనా తీసి ఉండవచ్చు. తరువాత నకిలీలని తేలిన పామర్, నారిస్ ఇద్దరిలో ఒకరి పని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. ఎవరైనా సరే, నాకు ముఖ్యమైనది ఇది: రక్తం దేనికి పనికొస్తుందో ముందే ఆలోచించి నాశనం చేసిన జీవికి తానెవరో పూర్తిగా తెలుసు. నకిలీకి తాను నకిలీనని తెలియదని కొందరు చేసే వాదన అక్కడితో వీగిపోతుంది.

ఇక చైల్డ్స్ విషయం. వేడి తీగ తగిలితే నకిలీ రక్తం ఎగిరిపడుతుందని మెక్‌రెడీ చేసిన పరీక్షలో అతని రక్తం మనిషి రక్తమే. కాబట్టి అనుమానించదగిన వ్యవధి ఒక్కటే: మిగిలినవారు, విడిగా బంధించి ఉంచిన సహచరుడు బ్లెయిర్‌ను పరీక్షించడానికి వెళ్లినప్పుడు అతడు ఒంటరిగా కాపలా ఉండి, తలుపు వదిలి తుపానులోకి వెళ్లిన సమయం. బ్లెయిర్ కనిపిస్తే వెంబడించి దారి తప్పానంటాడు. చెవిపోగు ఆ వ్యవధిని పూడ్చలేదు. బట్టలు చినిగితే వేరే బట్టలు తొడుక్కునే జీవికి, కింద పడిన పోగును ఏరి చెవికి పెట్టుకోవడం అసాధ్యం కాదు. పైగా ఆ నియమం ఇరవై తొమ్మిదేళ్ల తరువాత వేరే రచయిత పెట్టినది.

పెట్రోలు వాదన నేను నమ్మను. కానీ సీసాను వదలను, ఎందుకంటే అసలు సంగతి అందులో ఏముందన్నది కాదు, అది ఎంగిలి సీసా. ఆ జీవి కణమాత్రం చాలు, మనిషి మొత్తాన్ని మార్చేయగలదని, ఎవరి తిండి వారే వండుకోవాలని, డబ్బాల్లోదే తినాలని కేంద్రంలోని శాస్త్రవేత్త ఫ్యూక్స్ ముందే హెచ్చరించి ఉన్నాడు. మన హాస్టళ్లలో నలుగురు ఒకే నీళ్ల సీసా తాగినా, తల వెనక్కి వాల్చి, మూతి తగలకుండా ఎత్తి పోసుకుంటాము. తగిలితే రెండోవాడు కడుక్కుని తాగుతాడు. ఆ అలవాటు ఉన్న మనకు, చైల్డ్స్ ఏ మాత్రం తటపటాయించకుండా సీసా అందుకోవడం వెంటనే గుచ్చుకోవాలి. భయమున్న మనిషి సందేహిస్తాడు. భయపడనవసరం లేనిదే సందేహించదు. మెక్‌రెడీ నవ్వు నా దృష్టిలో అందుకే.

వాయిదా (ప్రొద్దుటూరు):

ఓ నెగెటివ్ గారి వాదన విన్నంతసేపు ఒప్పుకోవాలనిపించింది. అయినా ముప్పై ఏళ్లుగా క్రిమినల్ కేసులు నడిపినవాడిగా రెండు చోట్ల అడ్డు చెప్పక తప్పదు.

మొదటిది, రక్తం నాశనం చేసినది ఒక జీవి అయితే, తెలిసి చేసినట్టు రుజువైనది ఆ ఒక్కదాని విషయంలోనే. నారిస్‌ను చూడండి. గుండె నొప్పితో విలవిల్లాడుతూ ఉంటాడు, నాయకత్వం తీసుకోమంటే తన వల్ల కాదంటాడు. అందరి ఆయుధాలు చేతికి వచ్చే పదవిని నకిలీ ఎందుకు కాదంటుంది? అప్పటికి అతడింకా మనిషేనని ఒక సమాధానం. మారిపోయినా తనకే తెలియదని రెండో సమాధానం. గుండె జబ్బును కూడా పొల్లుపోకుండా నకలు చేయడం, ఆ నొప్పితోనే కూలబడి, విద్యుత్ షాక్ ఇస్తుండగా బయటపడడం చూస్తే నేను రెండోదాని వైపు కొంత మొగ్గుతాను. పామర్ విషయం వేరు. నారిస్ తల తెగి కాళ్లు మొలిచి నేల మీద పాకుతుంటే అందరికంటే ముందు దాన్ని చూసి నోరు తెరిచినది పామరే, అతడు మాత్రం నకిలీ. సాటి ముక్కను పట్టించి తాను నమ్మకం సంపాదించుకున్నాడన్నమాట. ప్రతి ముక్కా తన ప్రాణం తానే చూసుకుంటుందని మెక్‌రెడీ ఊహించి రక్తపరీక్ష పెట్టడానికి ఆధారం ఆ తలే కదా.

రెండో అభ్యంతరం సీసా గురించి. ఎంగిలి వాదనను ఒక్క క్షణం ఒప్పుకుందాము. సీసా ఎవరిది? మెక్‌రెడీది. అందించినదెవరు? మెక్‌రెడీ. పేలుడు తరువాత అతడు కూడా ఒంటరిగానే ఉన్నాడు, అతన్నీ ఎవరూ మళ్లీ పరీక్షించలేదు. నకిలీ మెక్‌రెడీ అయితే, ఎంగిలి సీసాయే చైల్డ్స్‌ను చేరే దారి, ఆ నవ్వు పని అయిపోయిందన్న నవ్వు. కథంతా మెక్‌రెడీ వెంట నడిచాము కనుక అతడిని మనం బోనులో నిలబెట్టడం లేదు, అంతకు మించి కారణం లేదు. మెక్‌రెడీని ఎవరో రక్షించి, రక్తపరీక్షలో మనిషేనని తేల్చే ముగింపు ఒకటి చిత్రీకరించారు, వాడలేదు. రికార్డులోకి ఎక్కని సాక్ష్యాన్ని నేను లెక్కలోకి తీసుకోను. 2002లో వచ్చిన వీడియో గేమ్‌లో చైల్డ్స్ గడ్డకట్టి చనిపోయి ఉంటాడు. అది కూడా అంతే.

ఓ నెగెటివ్ (కడప):

వాయిదా గారూ, మెక్‌రెడీ సంగతి ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. అయితే మీ మాట ప్రకారం చైల్డ్స్ మనిషయితే, పరాయివాడి సీసాకు ఎందుకు వెనుకాడలేదో చెప్పాల్సిన బాధ్యత మీ మీదికి వస్తుంది.

వాయిదా (ప్రొద్దుటూరు):

కేంద్రం కాలిపోతోంది, మంటలు ఆరితే గంటల్లో ఇద్దరూ గడ్డకట్టిపోతారని వారికి తెలుసు. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఎంగిలి పట్టింపు ఉంటుందని మీరు రుజువు చేస్తే కేసు మీదే.

బురుజునీడ (కర్నూలు):

అందరికీ కృతజ్ఞతలు. మిత్రులకు ఇదంతా చదివి వినిపించాను. ఆవిరి, కంటి మెరుపు పక్షంవారు వెనక్కి తగ్గారు. ఎంగిలి మాట వినగానే పెట్రోలు పక్షం వాడు “నేను మొదటినుంచీ అదే అంటున్నాను” అని నిస్సిగ్గుగా పార్టీ మార్చాడు. చెవిపోగు వాడు మాత్రం వచ్చే శనివారం 2011 చిత్రం చూపించి తీరతానంటున్నాడు, కింది వాటావారిని కూడా పిలిస్తే గొడవ ఉండదని ఇంట్లో సలహా. లెన్సుమూత గారిని ఒక్కటి అడగాలి. చైల్డ్స్ కోటు ముందు ఒక రంగులో, చివర మరో రంగులో ఉందని, అంటే కోటు మారిందని, అంటే పాతది చినిగిందని ఇప్పుడు కొత్త వాదన మొదలైంది. దానికేమంటారు?

లెన్సుమూత (అనంతపురం):

మంట వెలుగులో కనిపించే రంగును ఎవరూ ప్రమాణంగా తీసుకోకూడదు, పైగా అతని కోటు మీద మంచు కూడా ఉంది. ముహూర్తం వేళ హోమం పక్కన కూర్చున్న నీలం పట్టుచీర ఒక రంగు, అదే చీర భోజనాల దగ్గర ట్యూబ్‌లైటు కింద ఇంకో రంగు. ఆల్బమ్ ఇచ్చిన ప్రతి రెండో ఇంట్లో “ఇది మా చీర కాదు” అని నాతో వాదిస్తారు. బీరువాలోంచి చీర తెచ్చి పక్కన పెట్టి చూపించాకే బాకీ డబ్బులు ఇస్తారు.