కొనుగోలుదారు కంపెనీ వార్త సరఫరాదారు షేరుకు ఎంత ఆలస్యంగా చేరుతుంది?

ప్రశ్న

పెద్ద కంపెనీ ఒకటి నిరాశాజనకమైన ఫలితాలు ప్రకటించిన రోజున, దానికి విడిభాగాలు అమ్మే చిన్న కంపెనీ షేరు కూడా పడటం సహజమే. అయితే ఆ ప్రభావమంతా అదే రోజు ధరలో చేరిపోతుందా, లేక కొంత మిగిలి తరువాతి వారాల రాబడులలో కనబడుతుందా? మిగులుతుందంటే, వార్షిక నివేదికలను ఓపికగా చదివే మదుపరికి ఆ శ్రమకు తగిన ఫలితం ఉండాలి. ఆధారాలు తెలిసినవారు దయచేసి వివరించండి.

మొదటి సమాధానం

మిగులుతుందనే లారెన్ కోహెన్, ఆండ్రియా ఫ్రజ్జినీ 2008లో ప్రచురించిన పరిశోధన చూపింది. అమెరికాలో తమ అమ్మకాలలో 10 శాతం దాటిన కొనుగోలుదారుల గురించి కంపెనీలు వెల్లడించవలసి ఉంటుంది కనుక, ఆ వివరాల నుంచే వారు జంటలను గుర్తించారు. కొనుగోలుదారు షేరు గత నెలలో బాగా పెరిగిన సరఫరాదారులను కొని, బాగా పడినవారి సరఫరాదారులను అమ్మే పద్ధతికి నెలకు 1.5 శాతానికి మించిన అదనపు రాబడి కనబడింది. వారిచ్చిన ఉదాహరణ నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. 2001 జూన్‌లో గోల్ఫ్ పరికరాల సంస్థ కాలవే అమ్మకాల అంచనాను తగ్గించగా దాని షేరు దాదాపు 30 శాతం పడింది. తన అమ్మకాలలో సగం ఆ ఒక్క సంస్థకే చేసే కోస్ట్‌కాస్ట్ షేరు మాత్రం అప్పుడు కదలలేదు, తరువాతి రెండు నెలలలో పడింది. సంబంధం రహస్యమేమీ కాదు, దానిని ఎవరూ పట్టించుకోలేదంతే.

రెండవ సమాధానం

ఆలస్యం అన్ని సందర్భాలలోనూ ఉండదు. 2017 ఏప్రిల్‌లో ఆపిల్‌కు గ్రాఫిక్స్ సాంకేతికత అందించిన బ్రిటన్ సంస్థ ఇమాజినేషన్ టెక్నాలజీస్ సాంకేతికతను ఆపిల్ ఇక వాడబోదని తెలిసిన రోజునే ఇమాజినేషన్ షేరు 60 శాతానికి పైగా పడిపోయింది. అక్కడ వార్తే సరఫరాదారు పేరును చెప్పింది. కాలవే విషయంలో ఆ పేరును మదుపరి తానే వెతుక్కోవలసి వచ్చింది. ఆలస్యమంతా ఆ వెతుకులాటలోనే ఉందని నా అభిప్రాయం. ఇటీవల పెరిగిన పరిశ్రమల షేర్లు ఆ తరువాత కూడా మెరుగ్గా, పడిన పరిశ్రమలవి బలహీనంగా సాగే ధోరణిని 1999లోనే మాస్కోవిట్జ్, గ్రిన్‌బ్లాట్ చూపారు కాబట్టి, దానిని తీసివేసి చూడకుండా ప్రతి కదలికనూ సరఫరా సంబంధానికి ఆపాదించడం పొరపాటు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండీ. మరి దెబ్బ సరఫరాదారు వైపు నుంచి మొదలైతే?

మూడవ సమాధానం

అప్పుడు ఆ సరుకు మరొకచోట దొరుకుతుందా అన్నదే కీలకం. ప్రకృతి వైపరీత్యాలకు గురైన అమెరికా సరఫరాదారులపై బారో, సొవానియా 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ప్రత్యేకమైన, సులువుగా ప్రత్యామ్నాయం దొరకని సరుకు అయినప్పుడే కొనుగోలుదారులకు గట్టి నష్టం కలిగింది. ఒక్క మాట మనవి చేయాలి: పైన చెప్పిన 1.5 శాతం లావాదేవీల ఖర్చులు తీయక ముందుది. చిన్న కంపెనీల షేర్లలో కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా ఎక్కువ, అరువు తెచ్చి అమ్మడమూ కష్టమే. కనుక చేతికి వచ్చే రాబడిని ఆ అంకెతో అంచనా వేయకండి.