ఉలవచారు చిక్కబడటం లేదు, గింజ ఉడకటం లేదు. ఏం చేయాలి?

బెజవాడ_టు_డెన్వర్:

అందరికీ నమస్తే. మాది విజయవాడ, ప్రస్తుతం ఉండేది డెన్వర్‌లో. ఇక్కడ మంచు మొదలైంది. ఈ చలికి పప్పుచారు ఆనడం లేదు, ఉలవచారు మీదకి మనసు పోయింది. ఇండియన్ స్టోర్‌లో ఉలవలు దొరికాయి, ప్యాకెట్ మీద కుల్తీ అని ఉంది. రాత్రంతా నానబెట్టి, చింతపండు పులుసు, ఉప్పు, కారం అన్నీ వేసి మామూలు గిన్నెలో పొయ్యి మీద పెట్టాను. రెండు గంటలు మరిగినా గింజ పలుకుగానే ఉంది, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మనవైపు పెళ్లిళ్లలో వడ్డించే చారు అన్నం మీద ముద్దలా కూర్చుంటుంది కదా, అలా రావాలంటే ఏం చేయాలి? కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపితే తప్పా? ఇంట్లో కరెంటు పొయ్యి, ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) ఉన్నాయి. కట్టెల పొయ్యి మాత్రం చెప్పకండి ప్లీజ్, అపార్ట్‌మెంట్ వాళ్లు ఖాళీ చేయిస్తారు.

తెనాలి_పెద్దమ్మ:

కార్న్‌ఫ్లోర్ మాట ఇంకోసారి ఎత్తకమ్మా, నాకు బీపీ ఉంది.

ముందు చింతపండు సంగతి. పులుపు పడితే ఏ గింజా సరిగ్గా ఉడకదు. కందిపప్పుకే అంత పేచీ, ఉలవ అసలే మొండిది. గింజ వేలితో నొక్కితే చిదిగిపోవాలి, ఆ తర్వాతే పులుసు. పైగా మీ ఊరు సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉందట, మా అబ్బాయి చెప్పాడు. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నె తెర్లుతున్నట్టే కనిపిస్తుంది, గింజకి మాత్రం సరిపడా వేడి తగలదు. కాబట్టి కుక్కర్ తప్పదు.

పావుకిలో ఉలవలు తీసుకో. పళ్లెంలో పోసి రాళ్లు ఏరు. ప్యాకెట్‌వి శుభ్రంగా ఉంటాయని నమ్మొద్దు, ఉలవ రంగు రాయి ఒక్కటి చాలు పన్ను విరగడానికి. బాగా కడిగి రాత్రంతా నానబెట్టు. పొద్దున రెండు లీటర్ల నీళ్లతో ఇన్‌స్టంట్ పాట్‌లో హై ప్రెషర్ మీద గంటసేపు పెట్టి, ఆవిరి దానంతటదే పోయేదాకా వదిలెయ్. ఆ పాట్‌లో ఒత్తిడి మన విజిల్ కుక్కర్ కన్నా కాస్త తక్కువ, అందుకే గంట.

ఇప్పుడు వడకట్టు. కిందకి దిగిన నీళ్లే ఉలవకట్టు. కాఫీ డికాషన్ రంగులో ఉంటుంది. అసలు పని ఇక్కడ మొదలు. వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో కట్టు పోసి, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, కారం, పసుపు, చిన్న బెల్లం ముక్క వేసి, సన్న సెగ మీద సగానికి సగం ఇగిరేదాకా మరగనివ్వు. గంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. మూత పెట్టకు. మొదట్లో పైకి తేలే నురగ గరిటెతో తీసెయ్. బుడగలు చిన్నచిన్నగా పగలడం మానేసి బొద్దుగా లేచి 'బుడుక్' మంటుంటే దగ్గరపడినట్టు లెక్క. అప్పుడు అటూ ఇటూ తిరగకు, అడుగంటితే ఆ మాడు వాసన ఇక పోదు.

పోపు నెయ్యిలో. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి దండిగా. ఇంగువ నేను వేయను, వెల్లుల్లి చాలు.

మిగిలిన గింజల్ని పారేయకు. పూర్వం ఉడికిన ఉలవలు ఎడ్లకి, కట్టు మనకి. ఇప్పుడు ఎడ్లు లేవు, మనమే తినాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొబ్బరి కోరుతో తాలింపు పెడితే గుగ్గిళ్లు.

పాలమూరు_పోరడు:

పెద్దమ్మ చెప్పింది కరెక్టే గానీ, కడుపు నిండాలంటే వట్టి కట్టుతో కాదు. ఎండు ఉలవలు వంద గ్రాములు తీసుకుంటే అందులో ప్రోటీన్ ఇరవై గ్రాముల పైనే, వడకడితే ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతది. మా ఇంట్లో ఉడికిన ఉలవలు రెండు గరిటెలు తీసి మెత్తగా రుబ్బి చారులో కలుపుతం. చిక్కదనం వస్తది, బలం వస్తది, అంతసేపు మరిగించే పని కూడా తగ్గుతది. పిండి అవసరమే లేదు.

తెనాలి_పెద్దమ్మ:

అది ఉలవపప్పు బాబూ, చారు కాదు. బాగానే ఉంటుంది, కాదనను.

దూన్‌లో_తెలుగోడు:

నేను డెహ్రాడూన్‌లో ఉద్యోగం. ఇక్కడ ఉలవల్ని గహత్ అంటారు, కొండల మీద చలికాలం వస్తే ఇంటింటా అదే. గఢ్వాల్ వాళ్లు ఫాణు అని చేస్తారు. నానిన గహత్‌ని పచ్చిగానే రుబ్బి, ఇనప కడాయిలో నీళ్లు పోసి సన్న మంట మీద ఉడికిస్తారు, పోపులో జఖ్యా అనే గింజలు వేస్తారు. చింతపండు ఉండదు. వేడన్నంలో కలుపుకుంటే పైన రగ్గు కప్పినా ఇంత వెచ్చదనం రాదు. రుబ్బుతాం కాబట్టి గింజ ఉడకలేదన్న బాధ లేదు, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి అంతే. డెన్వర్ ఆవిడ ఓపిక లేని రోజున ఇదీ చేసి చూడొచ్చు.

బెజవాడ_టు_డెన్వర్:

పెద్దమ్మగారూ, చింతపండు చివర్లో వేసి మీరు చెప్పినట్టే చేశాను. గింజ వెన్నలా అయింది. చారు మా ఆయన గిన్నె నాకేలా వచ్చింది. పాలమూరు తమ్ముడి మాట విని పిల్లల వాటాలో ఒక గరిటె రుబ్బి కలిపాను, వాళ్లకి అదే నచ్చింది. ఒక్క డౌటు. మీగడ బదులు ఇక్కడ దొరికే హెవీ విప్పింగ్ క్రీమ్ పోయొచ్చా? మిగిలింది ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంటుంది?

తెనాలి_పెద్దమ్మ:

పంచదార కలపనిదైతే పోసుకో. చారులో కాదు, కంచంలో అన్నం కలిపాక పైన ఒక చెంచా. పుల్లటి సోర్ క్రీమ్ జోలికి పోకు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది, గడ్డకడుతుంది, భయపడకు. తినేంత వరకే వేరే గిన్నెలోకి తీసి, కాసిని వేణ్నీళ్లు పోసి మరిగించు. రెండో రోజుదే ఇంకా బాగుంటుంది. అలాగని రోజూ తినకండి, వేడి చేస్తుంది. ఆ పూట చివర్లో మజ్జిగన్నం తప్పనిసరి, మంచు పడుతున్నా సరే.