టచ్‌స్క్రీన్ ఫోన్ ఘనత ఎవరికి చెందాలి?

నేను హనుమకొండలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. వైజ్ఞానిక ప్రదర్శన కోసం తొమ్మిదో తరగతి విద్యార్థిని తెల్ల చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘టచ్‌స్క్రీన్ ఫోన్ సృష్టికర్త: స్టీవ్ జాబ్స్’ అని రాసుకొచ్చింది; దాన్ని అలాగే వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఐఫోన్ 2007లో వచ్చింది గానీ, వేలి స్పర్శను గుర్తించే తెర గురించి ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడార్ పరిశోధన సంస్థకు చెందిన ఇ.ఏ. జాన్సన్ 1965లోనే వ్యాసం ప్రచురించారు, 1994లో ఐబీఎం వారి సైమన్ అనే టచ్‌స్క్రీన్ ఫోన్ అమ్మకానికి వచ్చింది, ఇక ఒకేసారి పలు వేళ్లను గుర్తించే పద్ధతిపై కృషి చేసిన ఫింగర్‌వర్క్స్‌ను ఆపిల్ 2005లో కొనుగోలు చేసింది. నా దృష్టిలో జాన్సన్‌కే పెద్దపీట వేయాలి. అయితే తెరను కనిపెట్టడం వేరు, దాన్ని ఫోన్‌లో అమర్చడం వేరు కదా. చార్టు మీద ఒక్క పేరుకే చోటుంటే ఎవరిది రాయించాలో, ఎందుకో తెలిసినవారు దయచేసి వివరించగలరు.